కాళ్లు చూశాకే పేరు: విశాఖ తీరంలో కొంగల వెంట నాలుగు రోజులు

మొదటి రోజు

ముక్కనుమ నాడు గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖలో దింపేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఒక సంచిలో అమ్మ పంపిన అరిసెలు, జంతికలు. ఇంకో సంచిలో బైనాక్యులర్స్, నోటుబుక్కు, తడిసినా పరవాలేదనుకునే పాత చెప్పులు. అక్క వాళ్లిల్లు బీచ్ రోడ్డుకు దగ్గరే. తలుపు తీస్తూనే, "ఇంత చలిలో ఏం పనే నీకు?" అంది. "కొంగల్ని చూడాలి" అన్నాను. ఇంకేమీ అడగలేదు. మా తాతయ్య సంగతి తనకీ తెలుసు.

మా ఖమ్మం వైపు పల్లెలో తాతయ్య చెరువు గట్టున కూర్చుని, వాలిన ప్రతి పిట్టకూ పేరు చెప్పేవారు. వరి మడి గట్టున ఒళ్లు ముడుచుకుని, మనం దగ్గరికొచ్చేదాకా కదలనిది గుడ్డికొంగ. బూడిదరంగులో నిటారుగా నిలబడేది నారాయణపక్షి. చీకటి పడ్డాక "వాక్" అని అరుస్తూ పోయేది చింతవొక్కు. నత్తలు తినేది గుల్లకొంగ. తుంగలోంచి మెడ పాములా పైకి లేపేది పాముల నారిగాడు. పేర్లన్నీ నా చెవిన పడ్డాయి. ఏ పేరు ఏ పిట్టదో మాత్రం నిలబడి చూసుకోలేదు. ఆయన పోయాక నా దగ్గర మిగిలింది "తెల్ల కొంగ" అనే ఒక్క మాట. ఆ మాట కింద కనీసం నాలుగు రకాల పక్షులున్నాయని మూడేళ్ల కిందట బైనాక్యులర్స్ కొన్నాకే తెలిసింది. అప్పటి నుంచి చెరువు కొంగల్ని ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ వస్తున్నాను. సముద్రం ఒడ్డున నిలబడి చూడటం ఇదే మొదలు.

తీరంలో పిట్టల్ని చూడాలంటే గడియారం కంటే ముందు చంద్రుణ్ని చూడాలి. ఈసారి భోగి నాడే పౌర్ణమి వచ్చింది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా వెనక్కి పోతుంది. నీళ్లు తీసినప్పుడు బయటపడే తడి ఇసుకే వీటికి అన్నం కంచం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు, అదీ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. లెక్క వేస్తే ఈ నాలుగు రోజులూ ఆటు సూర్యోదయానికి అటూ ఇటూగా పడుతోంది. సెలవులు కలిసొచ్చాయనుకున్నాను.

సాయంత్రం అక్క కూతురు నా వెంట పడింది. నాలుగో తరగతి. మేం వెళ్లిన చోట పతంగులు, జనం, మొక్కజొన్న బండ్లు. ఇక్కడేం ఉంటాయిలే అనుకుంటుండగా, జనం పలచబడ్డ వైపు అల వెనక్కి పోయేటప్పుడు దాని వెంట పరుగెత్తి, తిరిగొచ్చేటప్పుడు దానికంటే ముందు వెనక్కి పరుగెత్తే చిన్న గుంపు కనిపించింది. శాండర్‌లింగులు. తెల్లని పొట్ట, నల్లని కాళ్లు, పొట్టి నల్లని ముక్కు. కాళ్లు ఎంత వేగంగా ఆడతాయంటే విడివిడిగా కనిపించవు.

అవి ఎగిరిపోయాక పాపను ఇసుక మీదికి వంగి చూడమన్నాను. తడి ఇసుకలో బాణం గుర్తుల్లా అడుగులు. ముందుకు మూడు వేళ్లు, వెనక వేలు లేదు. నీటి అంచున తిరిగే ఇలాంటి ఉల్లంకి పిట్టల జాతుల్లో దాదాపు అన్నిటికీ చిన్నదో పెద్దదో వెనక వేలు ఉంటుంది, దీనికి ఉండదు. పిట్ట ఎగిరిపోయినా దాని అడుగు మనకు పేరు చెప్పగలదు. పాప తన వేలితో ఒక అడుగు అంచు చుట్టూ గీసింది. మరుసటి అల వచ్చి గీతనూ అడుగునూ కలిపి తుడిచేసింది.

రెండో రోజు

తెల్లవారకముందే 900కె బస్సు ఎక్కి భీమిలి. పాప స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. కుడివైపు సముద్రం, ఎడమవైపు ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికి ఆకాశం తెల్లబడుతోంది.

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలుస్తుంది. తూర్పు కనుమల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా, తాటిపూడి రిజర్వాయరు దాటి ఇక్కడి దాకా వచ్చిన నది, చివర్లో వేగం పోగొట్టుకుని ఇసుక దిబ్బల మధ్య పలచగా పరుచుకుంటుంది. నదీ సముద్రం కలిసేచోటును మొగ అంటారు. తీపి నీరూ ఉప్పు నీరూ కలిసే ఈ జాగాలో బురద పురుగులు, చిన్న పీతలు, రొయ్య పిల్లలు దండిగా ఉంటాయి. తినేవి ఉన్నచోటికే తినేవాళ్లు వస్తారు.

మేం చేరేసరికి ఆటు పూర్తిగా పడి, నీళ్లు అప్పుడే మళ్లుతున్నాయి. మొదటి చూపులోనే ఇరవైకి పైగా తెల్లని పక్షులు. పాప ఉత్సాహంగా, "పిన్నీ, అన్నీ కొంగలే!" అంది. "అవును. కానీ ఎన్ని రకాలో చెప్పు" అన్నాను. అది నాకు నేను వేసుకున్న ప్రశ్న కూడా.

తెలుపును పక్కన పెట్టేయాలి. తెల్ల కొంగల్లో తెలుపు ఏమీ చెప్పదు. కాళ్లు, పాదాలు, ముక్కు, నోటి గీత, నిలబడే తీరు, ఇవే చెబుతాయి. మా ముందు మోకాలి లోతు లేని నీళ్లలో ఒకటి అటూ ఇటూ పరుగులు పెడుతోంది. ముక్కు నలుపు, కాళ్లు నలుపు. కాలు పైకి లేపినప్పుడు పాదం మాత్రం పసుపు ముద్దలో ముంచినట్టు ఉంది. ఇక సందేహం లేదు, చిన్న తెల్లకొంగ. ఒక కాలు ముందుకు చాపి నీళ్లలో వణికిస్తోంది. బురద కదులుతుంది, దాక్కున్న చేపపిల్ల ఉలిక్కిపడి బయటికొస్తుంది, ముక్కు దిగుతుంది. నేను వాచీ పెట్టి చూశాను. పది నిమిషాల్లో పదకొండు సార్లు పొడిచింది, ఏడు సార్లు ఏదో మింగింది. గొంతులో చిన్న ముద్ద జారుతూ పోవడం అద్దాల్లో స్పష్టంగా కనిపించింది.

ఆ పసుపు పాదం ఎందుకో చాలామంది ఆలోచించారు. బురదలో కదిలే పసుపు రంగుకు బెదిరి చేపలు కదులుతాయన్నది ఒక ఊహ. కారణం ఏదైనా, మనలాంటి చూసేవాళ్లకు దీనికంటే మంచి ఆనవాలు లేదు. ఒక్క చిక్కు ఉంది. నీళ్లలో ఉన్నంతసేపూ పాదం కనిపించదు. అడుగు లేపేదాకా ఆగాలి. కొంగలు నాకు నేర్పిన మొదటి పాఠం ఈ ఆగడమే.

కొంచెం లోతులో ఒకటి కదలకుండా ఉంది. ఎత్తైన పక్షి, మెడ మధ్యలో విరిగి అతికినట్టు మెలిక. ముక్కు పసుపు, కాళ్లూ పాదాలూ పూర్తిగా నలుపు. నోటుబుక్కులో మధ్యరకం తెల్లకొంగ అని రాసేశాను. అరగంట తర్వాత దాని పక్కన చిన్న కొంగ వచ్చి నిలబడితే నా తప్పు తెలిసింది. పక్కదానికి ఇది ఒకటిన్నర రెట్లు ఉంది. ముక్కు వైపు మళ్లీ చూశాను. నోరు చీలే గీత కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. కంటిని దాటి వెనక్కి వెళ్తే పెద్ద తెల్లకొంగ. ఈ గీత కంటి వెనక దాకా పోయి ఉంది. ఇందాక దూరాన్నీ పొడవునూ నమ్ముకుని గీతను చూడలేదు. కొట్టివేసి "పెద్ద తెల్లకొంగ" అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో "గీత చూడు" అని నాకు నేనే రాసుకున్నాను.

పెద్ద తెల్లకొంగ అలా నిలబడ్డాక పాప అసహనంగా, "అది నిద్రపోతోందా?" అని అడిగింది. మనం "కొంగ జపం" అంటూ దొంగ భక్తికి దాని పేరు వాడుకుంటాం. నాకు ఆ మాట కష్టంగా ఉంటుంది. ఎదురుగాలిలో, చలి నీళ్లలో, ఒంటి మీద ఒక్క ఈక కూడా కదిలించకుండా ఇరవై నిమిషాలు నిలబడటం దొంగ పని కాదు. ఆ మెడలో ఒక వెన్నుపూస మిగతావాటికంటే పొడవు. అందుకే మెడ అలా మడుచుకుంటుంది, బాణంలా విడుదల అవుతుంది. విడుదలయ్యింది కూడా. కళ్లు ఆర్పే లోపు దాని ముక్కులో అరచేయంత చేప గిలగిల్లాడుతోంది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిన్నీ, వీటికి మోకాలు వెనక్కి వంగిందేంటి?" అన్న ప్రశ్న నాకూ చిన్నప్పుడు వచ్చింది. అది మోకాలు కాదు, చీలమండ. పిట్ట తన వేళ్ల మీద నడుస్తుంది, మడమ గాల్లో పైన ఉంటుంది. అసలు మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. పాప తన కాలు పైకెత్తి, మునివేళ్ల మీద నిలబడి చూసుకుని, "ఇలాగా?" అంది. సరిగ్గా అలాగే.

నీళ్ల అంచున పొట్టి కాళ్లవి వేరే లోకం. గులకరాళ్ల మధ్య ఒక ఉల్లంకి పిట్ట నడుస్తూ వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతోంది. భుజం దగ్గర తెల్లని పాయ రొమ్ము నుంచి పైకి ఎక్కి కనిపిస్తే అది కామన్ శాండ్‌పైపర్. మామూలు పక్షే, అయినా ఎన్నిసార్లు చూసినా ఆ ఊపు నాకు ముద్దే. కొంచెం లోపల గ్రీన్‌షాంక్, పేరుకు తగ్గట్టు లేత ఆకుపచ్చ కాళ్లు, కొస కొంచెం పైకి తిరిగిన ముక్కు. ఎగిరినప్పుడు "ట్యూ ట్యూ ట్యూ" అని మూడు కూతలు, వీపు మీద తెల్లని త్రికోణం. దాని పక్కన రెడ్‌షాంక్ ఎర్రని కాళ్లతో నడిచింది. ఎగరగానే రెక్కల వెనక అంచున తెల్లని పట్టీ తళుక్కుమంది. పాప గ్రీన్‌షాంక్‌కు "ట్యూ పిట్ట" అని పేరు పెట్టింది. నా నోటుబుక్కులోనూ అదే రాశాను.

మొగకు అవతల ఇసుక తిన్నె మీద రెండు పెద్ద గోధుమరంగు పక్షులు, ముక్కు కిందికి కొడవలిలా వంగి ఉంది. కర్లూనా, వింబ్రెలా? ముక్కు తల పొడవుకు మూడింతలు ఉంటే కర్లూ. తల మీద మధ్యలో లేత గీత, దానికి రెండు పక్కలా ముదురు పట్టీలు ఉంటే వింబ్రెల్. పట్టీలు కనిపించాయి. తర్వాత అవి లేచి ఈల వేశాయి. ఏడెనిమిది చిన్న ఈలలు ఒకే ఎత్తులో, ఒకే వేగంతో. ఆర్కిటిక్ దగ్గరి చలి నేలల్లో పిల్లల్ని పొదిగి, మధ్య ఆసియా వలస దారి వెంట ఇక్కడి దాకా వచ్చి, గోస్తనీ బురదలో పీతలు తింటున్నాయి. 2022 అక్టోబరులో గాడ్‌విట్ అనే వలస జాతి పిల్ల పక్షి ఒకటి అలాస్కాలో బయలుదేరి ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియా చేరింది. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఒడ్డున పిట్ట నిలబడి ఉంటే లేపడానికి నాకు మనసొప్పదు. మనకు ఫోటో కోసం రెండడుగులు. దానికి దాచుకున్న కొవ్వులో కొంత.

వల భుజాన వేసుకుని వెళ్తున్న ఒక పెద్దాయన ఆగారు. "ఏటమ్మా, పొద్దున్నే ఏటి సూత్తన్నారు?" కొంగల్ని అన్నాను. "కొక్కిరాయిలా! అవి కాసుకున్న కాడ సేపపిల్ల ఉన్నట్టే. మా అయ్య వాటిని సూసే వలేసీవోడు" అన్నారు. కొక్కిరాయి అనే మాటను మనిషి నోట విని ఎన్నేళ్లయిందో. నోటుబుక్కు తీసి ఆయన ముందే రాసుకున్నాను. ఆయన నవ్వి, పాప చేతిలో ఒక గవ్వ పెట్టి వెళ్లిపోయారు.

ఆ పొద్దున ఒక్కటే మనసు కలుక్కుమన్నది. ఇందాకటి గ్రీన్‌షాంక్ ఒంటికాలి మీద నిలబడింది, విశ్రాంతి అనుకున్నాను. విశ్రాంతి కాదు. రెండో కాలికి తంగూసు చుట్టుకుని ఉంది. నడిచినప్పుడల్లా దారం వెనకాల ఈడుస్తోంది. దగ్గరికి వెళ్తే ఎగురుతుంది, పట్టుకోవడం మా వల్ల కాదు. ఎగరగలుగుతోంది, తినగలుగుతోంది. అంతవరకే చూడగలిగాం. తెగిన వల ముక్కలు, తంగూసు చుట్టలు ఇసుకలో చాలా ఉన్నాయి. పాపా నేనూ గంటసేపు ఏరాం. అరిసెలు తెచ్చిన కవరు నిండింది, తర్వాత నా దుపట్టా కొంగు కూడా. ఊళ్లో చెత్త డబ్బాలో వేసి, ఇడ్లీ తిని బస్సెక్కాం.

తిరుగు దారిలో మంగమారిపేట దాటుతుంటే నల్లరాళ్ల మీద ఒక కొంగ కనిపించింది. కొంగ ఆకారమే, చిన్న తెల్లకొంగంతే ఉంది. రంగు మాత్రం పలక రంగు. బస్సు ఆగలేదు. మలుపు దాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను.

మూడో రోజు

ఆ రాళ్ల దగ్గరికి వెళ్దామని ఉన్నా, బావగారు ముందే కారు మాట్లాడి పెట్టారు. కొండకర్ల ఆవకు. అచ్యుతాపురం వైపు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఉప్పు నీళ్లు కాదు, మంచినీటి సరస్సు. అయినా పొడవు కాళ్ల పిట్టలను తెలుసుకోవాలంటే ఇది చూడకుండా పోకూడదు.

ఇక్కడ దోనె అంటే రెండు తాటి మొద్దుల్ని తొలిచి పక్కపక్కన కట్టినది. ఎక్కి కూర్చుంటే నీళ్లు నడుము పక్కనే కదులుతాయి. కలువల మధ్య దారిలో గెడ వేస్తూ ఒకాయన తీసుకెళ్లారు. నా టెన్షనంతా పాప మీదే ఉంది, లైఫ్ జాకెట్ లాగి లాగి చూశాను. పాపకు ఏ భయమూ లేదు.

గుల్లకొంగల్ని ఇక్కడ ఇంత దగ్గరగా చూస్తాననుకోలేదు. ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది, అవతలి వెలుగు అందులోంచి కనిపిస్తుంది. పిల్లకొంగలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. నత్తను పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. కింది ముక్కు కొసను నత్త మూత లోపలికి దూర్చి, కండను తెంపి, మెత్తని భాగాన్ని లాగేసుకుంటుంది. గుల్ల చాలాసార్లు పగలకుండానే ఒడ్డున పడి ఉంటుంది. దోనె ఆపించి అలాంటిదొకటి చేతిలోకి తీసుకున్నాను. నిండుగా ఉంది, అంచున ఒక చిన్న పెచ్చు లేచింది, లోపల ఖాళీ.

ఎగిరేటప్పుడు మెడ చూడాలి. కొంగలు, నారాయణపక్షులు మెడను మడుచుకుని భుజాల్లోకి లాక్కుని ఎగురుతాయి. గుల్లకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలనే వంకరముక్కు పక్షులు, తెడ్డుమూతి కొంగలు మెడ చాపి ఎగురుతాయి. కొంగ అని పిలిచినా గుల్లకొంగ వేరే కుటుంబం. ఎంత ఎత్తున, ఎంత మసకలో పోతున్నా ఈ ఒక్క గుర్తు సగం జవాబు చెప్పేస్తుంది.

తుంగలోంచి ఇటుక రంగు మెడ ఒకటి లేచింది. నల్లని చారలు కిందికి దిగుతున్నాయి. లేచింది, ఊగింది, పక్కకు వంగింది, ఆగిపోయింది. పాముల నారిగాడు. ఇంగ్లీషులో పర్పుల్ హెరాన్ అంటారు, నాకు మాత్రం దాన్ని చూసిన క్షణంలో తాతయ్య పెట్టిన పేరే నోట్లోకి వచ్చింది. ఆయన ఎందుకు ఆ పేరు వాడేవారో చూశాక వివరణ అక్కర్లేకపోయింది. దోనె నడిపే ఆయనకు చెప్పాను. "నారిగాడా?" అని ఒకసారి అనుకుని, మళ్లీ అటు చూశారు.

ఒడ్డు పక్క తక్కువ నీళ్లలో స్టిల్టులు. గులాబీరంగు కాళ్లు ఒంటి కంటే ఎంత పొడవంటే, నేల మీదిది తినాలంటే ముందుకు పూర్తిగా వంగాలి. నల్లని రెక్కలు, సూదిలాంటి నల్లని ముక్కు. ఇక తామరాకుల మీద నడిచే జకానాల దగ్గర పొడవు కాళ్లు కాదు, పొడవు వేళ్లు చూడాలి. బరువంతా వేళ్ల మీద పరిచి ఆకు మునగకుండా నడుస్తాయి. వీటిలో గుడ్లు పొదిగేది, పిల్లల్ని సాకేది మగపక్షే. అక్క ఆ మాట విని బావగారి వైపు చూసింది. బావగారు పాపకు నీళ్ల సీసా మూత తీసిచ్చే పనిలో ఉన్నారు.

మధ్యాహ్నం ఎండ ఎక్కాక వచ్చేశాం. దారిలో పాప ఎగిరే గుంపుకు చేతులు ఊపి, గోళ్లు ముందుకు చాపి "కొంగా కొంగా గోళ్లియ్యవే" అని అడిగింది. మా చిన్నప్పుడు మేమూ అడిగాం. గోటి మీద తెల్ల మచ్చ పడితే కొంగ ఇచ్చిందని మురిసిపోయేవాళ్లం. ఎవరు నేర్పారని అడిగితే, స్కూల్లో అందరూ అంటారంది. ఒక మాట బతికే ఉందని నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

రాత్రి అక్క పక్కన పడుకుని కొంగ ఈకల సంగతి చెప్పాను. జోడు కట్టే కాలంలో చిన్న తెల్లకొంగ వీపున సన్నని కుచ్చుటీకలు వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర యూరప్, అమెరికాల్లో ఆడవాళ్ల టోపీలకు ఆ ఈకలు పెట్టేవారు. ఈకలు వచ్చేది పిల్లలున్న కాలంలోనే కాబట్టి, తల్లిదండ్రులను చంపితే గూట్లో పిల్లలు ఆకలికి చచ్చేవి. దానికి ఎదురు నిలిచి 1889లో ఇంగ్లండులో కొందరు ఆడవాళ్లు పెట్టుకున్న సంఘమే తర్వాత అక్కడి పెద్ద పక్షి సంరక్షణ సంస్థ అయింది. మన దేశం నుంచి పక్షి ఈకల ఎగుమతిని 1902లో ఆపారు. అక్క కాసేపటికి, "ఇవాళ చూసినవాటికి ఆ ఈకలున్నాయా?" అంది. జనవరిలో ఉండవు. వానల ముందు రమ్మన్నాను.

నాలుగో రోజు

ఆదివారం. సాయంత్రం రైలు. పొద్దున్నే ఆటోలో మంగమారిపేట. బస్సులోంచి చూసిన ఆ పలకరంగు పక్షి మూడో రోజంతా నా మనసులో ఉంది.

ఇక్కడ ఒడ్డు ఇసుక కాదు, రాయి. ఆటులో నల్లని బండలు బయటపడి, వాటి గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. పైన తొట్లకొండ. బౌద్ధులు బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ కొండకు ఆ పేరు. రాతిని తొలిచి నీళ్లు నిలపడం పైన మనుషులు చేశారు, కింద సముద్రం చేసింది. కింది తొట్లలో చిన్న చేపలు ఆటులో చిక్కుకుంటాయి.

పావుగంట ఏమీ లేదు. ఒక నల్లబండ కదిలింది. బండ కాదు, అదే. పలక రంగు ఒళ్లు, గొంతు కింద సున్నం అద్దినట్టు తెల్లని మచ్చ. పొడవైన ముక్కు కొంచెం కిందికి వంగినట్టు, గోధుమా పసుపూ కలిసిన రంగు. తీరపు కొంగ, వెస్టర్న్ రీఫ్ హెరాన్. పడమటి తీరంలో ఎక్కువ, మన తూర్పు తీరంలో తక్కువగా కనిపిస్తుంది. సగం రెక్కలు విప్పి, బండ నుంచి బండకు వంగి పరుగెత్తి పొడుస్తుంది. అల వచ్చి రాయిని కప్పినప్పుడు ఒక్క గెంతు పైకి, నీళ్లు జారగానే మళ్లీ కిందికి. ఒక గుంట దగ్గర ఆగి, తల పక్కకు వాల్చి లోపలికి చూసింది. నీళ్ల మీద మెరుపు పడకుండా కోణం మార్చుకుంటోందని నాకనిపించింది. మేం కూర్చున్న బండకు ఇరవై అడుగుల దూరానికి అదే నడిచి వచ్చింది. తడిసిన ఈకల మీద ఉప్పు నీటి చుక్కలు ఆగి ఉన్నాయి. కాలు ఎత్తింది. పాదం పసుపు, ఆ పసుపు వేళ్ల దగ్గరే ఆగకుండా కాలి మీదికి కొంచెం పాకింది. నేను ఊపిరి బిగబట్టాను.

ఈ జాతిలో ఇంకో రూపం ఉంది, పూర్తిగా తెల్లనిది. వయసు తేడా కాదు, మగా ఆడా తేడా కాదు. నల్లనిదీ తెల్లనిదీ జత కట్టి పిల్లల్ని పెంచుతాయి. తెల్లది చిన్న తెల్లకొంగ పక్కన నిలబడితే ముక్కు మందం, ముక్కు రంగు, కాలి మీద పసుపు ఎంత దాకా పోయిందన్నది తప్ప వేరే దారి లేదు. పాపకు ఇదంతా చెబుతుండగానే తను వేలు చూపించింది. అవతలి బండల దగ్గర ఒక తెల్ల కొంగ.

ముక్కు నలుపు కాదు. అంతవరకు ఇద్దరం ఒప్పుకున్నాం. చిన్న తెల్లకొంగకు కూడా ఈ కాలంలో కింది ముక్కు మొదట్లో కాస్త పాలిపోతుంది, అదొక్కటే చాలదు. కాళ్లు నీళ్లలో ఉన్నాయి. పోటు మొదలైంది, నీళ్లు ఎక్కుతున్నాయి. ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. "ఆగుదామా?" అని పాపను అడిగాను. తను అప్పటికే బండ మీద కూర్చుని, బైనాక్యులర్స్ పట్టీ మెళ్లో వేసుకుని, మోచేతులు మోకాళ్లకు ఆనించుకుని ఉంది. నేనెప్పుడూ అలా కూర్చోమని చెప్పలేదు, నన్ను చూసి నేర్చుకుంది.

ఎంతసేపైందో చూసుకోలేదు. పెద్ద అల ఒకటి వచ్చింది. కొంగ లేచింది, మెడ మడుచుకుంది, కాళ్లు వెనక్కి చాపింది. పాప అద్దాల్లోంచి కళ్లు తీయకుండా చెప్పింది, నేను రాశాను.

"పాదాలు పసుపు. పైకి కూడా. సగం దాకా పసుపు."